వాయిదా తేదీ మాకు ముద్దాయి తల్లి చెప్పేది

మా పిన్ని కేసులో తీర్పు వచ్చిందన్న సంగతి మాకు తెలిసింది తీర్పు వచ్చిన రెండు నెలలకి. స్టేషన్ నుంచి ఫోన్ రాలేదు, కోర్టు నుంచి కాయితం రాలేదు. ఏదో పని మీద కంప్యూటర్ ముందు కూర్చున్నదాన్ని, ఊరికే గుర్తొచ్చి, ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కేసు నంబరు కొట్టాను. క్యాప్చా రెండుసార్లు తప్పు పడింది, మూడోసారికి తెరుచుకుంది. కేసు డిస్పోజ్డ్ అని ఉంది, పక్కన అక్విటెడ్ అని ఉంది, అంటే కేసు అయిపోయింది, ముద్దాయి నిర్దోషిగా విడుదలయ్యాడు. పిన్నికి ఫోన్ చేసి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి వాడి తల్లి కూడా చెప్పలేదేమే?" అంది.

ఆ మాట అర్థం కావాలంటే మొదటి నుంచి చెప్పాలి.

2016 డిసెంబరులో ఒకరోజు పొద్దున్నే నడకకి వెళ్ళిన పిన్ని మెడలో గొలుసు, బైక్ మీద వచ్చిన ఇద్దరు లాగేశారు. గొలుసు తెగింది, పిన్ని పడింది, తుంటి ఎముక విరిగింది. అప్పటికి ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు. ఆపరేషన్, మూడు నెలలు మంచం, ఆ తర్వాత వాకర్, ఆ తర్వాత కర్ర. గొలుసు పోయినందుకు ఏడవలేదు గానీ, పొద్దున నడక పోయినందుకు మాత్రం ఏడ్చింది, ఇప్పటికీ వెనక నుంచి బండి చప్పుడు వినిపిస్తే గోడకి అతుక్కుపోతుంది.

పోలీసుల గురించి ముందే ఒక మంచి మాట చెప్పేస్తాను, లేకపోతే ఇదంతా తిట్ల పురాణం అనుకుంటారు. ఎస్సై మర్నాడే హాస్పిటల్‌కి వచ్చాడు, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని అంతా విన్నాడు, మూడు వారాల్లో ఇద్దరిలో ఒకణ్ణి పట్టుకున్నారు కూడా, రెండు ముక్కలైన గొలుసుతో సహా. రెండోవాడు పరారీ. స్టేట్‌మెంట్ మాత్రం స్టేషన్లో రాతపని చేసే రైటర్ తన భాషలో రాసుకున్నాడు. అది తర్వాతెప్పుడో చదివి వినిపిస్తే పిన్ని నవ్వింది, "సదరు ముద్దాయి అట. నేను పుట్టి బుద్ధెరిగి సదరు అన్న మాట అనలేదు" అని. ఆ నవ్వు ఆరేళ్ళకి క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏడుపయింది. డిఫెన్సు లాయరు ఆ సదరు భాషలోంచే ఒక్కో వాక్యం చదివి, ఇలా చెప్పారా లేదా, అవునో కాదో చెప్పండి చాలు అని అడుగుతుంటే, తను చెప్పని మాటలకి తను జవాబుదారీ ఎలా అయిందో ఆవిడకి అర్థం కాలేదు.

ఎఫ్‌ఐఆర్ కాపీకి మూడుసార్లు తిరిగాం. ఫిర్యాదు చేసినవాళ్ళకి ఆ కాపీ ఉచితంగా వెంటనే ఇవ్వాలని క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలోనే ఉంది, మాకు తెలీదు, అడుక్కున్నట్టు అడిగాం. గొలుసు కోర్టు ప్రాపర్టీ అయిపోయింది. దాన్ని తిరిగి ఇమ్మని పిటిషన్ వేసుకోవచ్చని మాకు ఏడాది తర్వాత ఒక లాయరు గుమస్తా చెప్పాడు. ఇలాంటి సొత్తుని స్టేషన్లలో, కోర్టుల్లో ఏళ్ళ తరబడి మగ్గబెట్టొద్దు, ఫొటోలు తీసి పంచనామా రాసి సొంతదారుకి ఇచ్చెయ్యండి అని సుప్రీంకోర్టు సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే చెప్పింది. అయినా మాకు ఇచ్చింది అమ్మకూడదు, కరిగించకూడదు, పిలిచినప్పుడు తేవాలి అన్న బాండు మీద. అందుకని సాక్ష్యం ఉంటుందన్న ప్రతి వాయిదాకీ, దొంగ ఒకసారి లాక్కెళ్ళిన గొలుసుని హ్యాండ్‌బ్యాగ్ అడుగున పెట్టుకుని, ఆ బ్యాగ్‌ని రెండు చేతులతో గుండెకి అదుముకుని, పిన్ని బస్సులో కోర్టుకి వెళ్ళేది. ఇంతకంటే పెద్ద శిక్ష ముద్దాయికి కూడా వెయ్యలేదనిపిస్తుంది నాకు.

గుర్తింపు పరేడ్‌కి వాకర్‌తో జైలుకి వెళ్ళింది. ఒకే ఈడు కుర్రాళ్ళని వరసగా నిలబెట్టారు, మెజిస్ట్రేట్ ఎదుట ఒకణ్ణి చూపించింది. ఆ తర్వాత రెండేళ్ళు ఏమీ లేదు. కేసు ఉందో పోయిందో కూడా తెలీదు. అప్పుడు సమన్లు వచ్చాయి.

కోర్టు వరండాలో కూర్చోడానికి ఉన్నది ఒకటే బెంచీ. మొదటిరోజు దాని మీద పిన్ని, నేను, ఆ చివర ఒకావిడ. గంటన్నర తర్వాత బిళ్ళబంట్రోతు పేరు పిలిచినప్పుడు తెలిసింది ఆవిడ ముద్దాయి తల్లి అని. పారిపోవడానికి వేరే బెంచీ లేదు. నాకు కోపం వచ్చింది గానీ, పిన్ని తుంటి నొప్పితో లేవలేక అక్కడే కూర్చుంది, ఆవిడ కూడా కూర్చుంది. రెండో వాయిదాకి ఆవిడ పిన్నికి గోడవైపు చోటు ఇచ్చింది, ఆనుకోడానికి వీలుగా. మూడో వాయిదాకో నాలుగో వాయిదాకో మేం అక్కడ పొద్దున్నుంచీ పడిగాపులు పడుతుంటే ఆవిడే లోపల్నుంచి వచ్చి, "వచ్చేనెల ఇరవై మూడుకి పడిందమ్మా. ఇవాళ జడ్జిగారు సెలవంట. మీరింక పొండి, ఎండెక్కుతుంది" అంది.

అప్పట్నుంచీ అదే పద్ధతి అయిపోయింది. వాళ్ళకి లాయరు ఉన్నాడు, లాయరుకి తేదీ తెలుస్తుంది, ఆయన ఆవిడకి చెబుతాడు. మాకు లాయరు లేడు, ఎందుకంటే మా తరఫున ప్రభుత్వమే వాదిస్తుంది కదా అన్నారు. ప్రభుత్వం అంటే ఏపీపీ గారు, అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, చంకలో ఆ పూటకి నలభై ఫైళ్ళు, ఆరేళ్ళలో ముగ్గురు మారారు, ముగ్గురిలో ఒక్కరికి మాత్రమే పిన్ని ముఖం తెలుసు. మొత్తం పదకొండుసార్లు వెళ్తే సాక్ష్యం తీసుకున్నది ఒక్కసారి. సాక్షులకి దారిఖర్చులు ఇప్పించవచ్చని సీఆర్‌పీసీ 312లో ఉందని ఇప్పుడు తెలుసు. అప్పుడు అడిగుంటే ఏమనేవాళ్ళో!

ఇదంతా ఒక చెడ్డ అధికారి చేసింది కాదు, అందుకే ఇంత కోపం. చెడ్డవాడుంటే వాడి మీద ఫిర్యాదు చేసి ఊరుకునేదాన్ని. ఇది నిర్మాణంలోనే ఉన్న లోపం. మన క్రిమినల్ చట్టం దృష్టిలో నేరం జరిగింది పిన్నికి కాదు, రాజ్యానికి. కేసు పేరు కూడా స్టేట్ వర్సెస్ ఫలానా. పిన్ని అందులో పీడబ్ల్యూ1, అంటే ప్రాసిక్యూషన్ వైపు మొదటి సాక్షి, గొలుసు ఎంఓ1, అంటే సాక్ష్యంగా పెట్టిన మొదటి వస్తువు. ఇద్దరూ వస్తువులే, ఒకటి మాట్లాడుతుంది అంతే తేడా. రాజ్యం పేరున కేసు నడవడం తప్పని నేననను, అది లేకపోతే బలవంతుడి మీద బీదవాడు కేసు నడపలేడు. కానీ నడిపే బాధ్యత తీసుకున్నాక, దెబ్బ తిన్న మనిషికి కబురు చెప్పే బాధ్యత కూడా దాంతోపాటే రావాలి కదా. ఐక్యరాజ్యసమితి 1985 నవంబరులో నేర బాధితుల కోసం ఒక డిక్లరేషన్ చేసింది. బాధితులకి కేసు పురోగతి చెప్పాలి, గౌరవంగా చూడాలి, పరిహారం ఇవ్వాలి అని అందులో ఉంది. మన సీఆర్‌పీసీలో అసలు విక్టిమ్ అన్న మాటకి నిర్వచనమే 2009 డిసెంబరు 31న వచ్చింది. 1973 నాటి చట్టంలో ముప్ఫై ఆరేళ్ళ తర్వాత!

ఆ సవరణతోనే కొన్ని మంచి హక్కులు వచ్చాయి. ముద్దాయి విడుదలైతే బాధితులే అప్పీలుకి వెళ్ళవచ్చు. ప్రాసిక్యూషన్‌కి సాయంగా సొంత లాయర్ని పెట్టుకోవచ్చు, అయితే ఆ లాయరు పబ్లిక్ ప్రాసిక్యూటర్ చెప్పుచేతల్లోనే ఉండాలి, స్వతంత్రంగా సాక్షుల్ని క్రాస్ చెయ్యడానికి లేదని 2019లో రేఖా మురార్కా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అన్నిటికంటే ముఖ్యమైంది సెక్షన్ 357ఏ, పరిహార పథకం. దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నేను కలిసిన పదిమందిలో తొమ్మిదిమందికి ఇది తెలీదు, స్టేషన్లో ఎవరూ చెప్పరు.

పరిహారం అంటే ముద్దాయి జేబులోంచి వచ్చే జరిమానా అనుకుంటాం. కాదు. రాష్ట్ర ప్రభుత్వం నిధి పెడుతుంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇస్తుంది. ముద్దాయికి శిక్ష పడాలని లేదు. కేసు కొట్టేసినా కోర్టు సిఫారసు చెయ్యొచ్చు, అసలు నేరస్తుడు దొరక్కపోయినా బాధితులే దరఖాస్తు పెట్టుకోవచ్చు, రెండు నెలల్లో విచారణ పూర్తి చెయ్యాలి. ఇంకా, స్టేషన్ ఇన్‌చార్జి అధికారి సర్టిఫికెట్ ఇస్తే వెంటనే ప్రథమ చికిత్సో వైద్య సాయమో ఉచితంగా ఇప్పించమని ఆ సంస్థ ఆదేశించవచ్చు. ఇప్పుడు సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇది 396వ సెక్షన్. లైంగిక దాడికి గురైన ఆడవాళ్ళ కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ, నల్సా, 2018లో ప్రత్యేక పథకం తయారు చేసింది, అత్యాచారం కేసుల్లో కనీసం 4 లక్షలు, గరిష్ఠం 7 లక్షలు, అవసరాన్ని బట్టి మధ్యంతర సాయం కూడా ఉంది. పిన్ని ఆపరేషన్‌కి బాబాయి పీఎఫ్ తీసిన రోజు ఈ 357ఏ అమల్లోకొచ్చి ఏడేళ్ళయింది. ఎస్సై మంచివాడే, కానీ ఆయనకీ తెలీదేమో. మాకు తెలిసేసరికి తీర్పు కూడా అయిపోయింది.

తీర్పు సంగతి. ఆరేళ్ళ తర్వాత బోనులో నిలబడ్డ పిన్నిని, ముద్దాయిని చూపించి, ఇతనేనా అని అడిగారు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఇరవై ఎనిమిదేళ్ళ మనిషయ్యాడు, గడ్డం వచ్చింది, లావయ్యాడు. పిన్ని అబద్ధం చెప్పలేని మనిషి. "వాడిలాగే ఉన్నాడండి. ముఖం మారింది" అంది. అంతే. ఏపీపీ గారు తల పట్టుకున్నారు. అనుమానానికి తావుందని, బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద విడుదల. జడ్జిగారిని నేను తప్పు పట్టను, ఆ సాక్ష్యం మీద నేను జడ్జినైనా అదే రాస్తాను. తప్పు ఆరేళ్ళది. ఏడాది లోపు అడిగుంటే పిన్ని గట్టిగా చెప్పేది, అవుననో కాదనో.

కాదని కూడా చెప్పి ఉండేదేమో. అదే నన్ను నిద్ర పోనివ్వదు. ఆ కుర్రాడు పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. బెయిల్ వచ్చింది, వచ్చాక కూడా ఐదు నెలలు లోపలే, ఎందుకంటే జామీను ఇచ్చేవాళ్ళు ఇద్దరు దొరకలేదు. ఈ విషయం మాకు బెంచీ మీదే తెలిసింది. వాడే దొంగైతే శిక్ష పడకుండా పోయాడు, వాడు కాకపోతే శిక్ష ముందే అనుభవించాడు. ఈ రెండిట్లో ఏది నిజమో ఇప్పుడు ఎవరికీ తెలియదు, తెలిసే అవకాశం కూడా లేదు. ఆరేళ్ళు నడిచిన కేసు సాధించింది ఇదీ.

ఇలాంటివాళ్ళు ఎంతమంది అంటే, 2022 చివరికి మన జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే అని జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క. నూటికి డెబ్భై ఆరుగురు అనుకోండి. వాళ్ళలో ప్రతి ఒక్కరి కేసుకీ అవతల ఒక పీడబ్ల్యూ1 ఉంటుంది, అదే వాయిదా కోసం ఎదురుచూస్తూ. బీహార్ జైళ్ళలో పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణలోనే మగ్గుతున్నవాళ్ళ గురించి 1979లో హుసైనారా ఖాతూన్ కేసు వచ్చింది, త్వరగా విచారణ జరగడం రాజ్యాంగంలోని ఆర్టికల్ 21 కింద హక్కు అన్నారు. ఆ హక్కు ముద్దాయిది అని చదువుకుంటాం. పిన్నిది కూడా.

ఈ మాట అన్నప్పుడల్లా నాకు తిట్లు పడతాయి. బాధితుల పక్షాన ఉంటూ ఖైదీల గురించి మాట్లాడతావేంటి అని. మన తెలుగువాళ్ళకి బాధితుల న్యాయం అంటే ఒకటే గుర్తొస్తుంది, ఎన్‌కౌంటర్. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది, రోజుల్లోనే ముగ్గురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చచ్చిపోయారు, జనం పోలీసులకి పూలదండలు వేశారు, స్వీట్లు పంచారు. ఆ అమ్మాయిల్లో ఒకరు ఆ నెలాఖరుకి చనిపోయారు. సరే, ఆ తర్వాత? యాసిడ్ దాడి ఒక ప్రత్యేక నేరంగా చట్టంలోకి వచ్చింది 2013లో. యాసిడ్ దాడికి గురైనవాళ్ళకి, అత్యాచార బాధితులకి ప్రభుత్వ హాస్పిటలైనా ప్రైవేటైనా వెంటనే ఉచితంగా వైద్యం చెయ్యాలని సెక్షన్ వచ్చింది కూడా 2013లోనే. తుపాకి మూడ్రోజుల్లో పేలింది, వైద్యం హక్కుగా రావడానికి నాలుగేళ్ళు దాటింది. ఆ హక్కు కూడా కొన్ని నేరాలకే, మా పిన్నిలాంటి తుంటి ఎముకలకి ఇప్పటికీ లేదు.

2019 నవంబరులో హైదరాబాద్ దగ్గర ఒక వెటర్నరీ డాక్టర్ మీద అత్యాచారం చేసి చంపిన సంగతి అందరికీ గుర్తే. గుర్తు లేనిది ఒకటుంది. ఆ రాత్రి అమ్మాయి కనబడటం లేదని ఇంట్లోవాళ్ళు స్టేషన్‌కి వెళితే, మా పరిధి కాదు అన్న వాదనతో విలువైన సమయం పోయింది, ఆ ఆలస్యానికి ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. వారం తిరిగేసరికి, డిసెంబరు 6న, చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితుల్నీ కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. పరిధి గొడవ పూల కింద కప్పబడిపోయింది. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల్ని విచారించాలని చెప్పింది, 2022 మేలో ఆ నివేదిక బయటికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2019 డిసెంబరులోనే 21 పనిదినాల్లో తీర్పు అంటూ దిశ బిల్లు పాస్ చేసింది, దానికి రాష్ట్రపతి ఆమోదమే రాలేదు. విచారణ లేకుండా చంపేస్తే ఆ రాత్రి ఏం జరిగిందో ఆ కుటుంబానికి ప్రమాణపూర్వకంగా చెప్పేవాడు ఎవడూ మిగలడు, ఇది వాళ్ళకి జరిగిన నష్టం కాదా? నాకైతే ఆ రాత్రి స్టేషన్లో తక్షణం కేసు రాసే రైటర్ కావాలి. తుపాకి కంటే ముందు పెన్ను.

ఇక్కడ ఇంకో కథ చెప్పాలి, మన నేల మీదిదే. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. బాధితులు ఏం అడిగారో చూడండి. మమ్మల్ని ఎక్కడికో తిప్పొద్దు, కోర్టునే మా ఊరికి తీసుకురండి అన్నారు. మేం నమ్మే లాయర్నే ప్రాసిక్యూటర్‌గా పెట్టండి అన్నారు. రెండూ సాధించుకున్నారు, చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. అయినా తీర్పుకి పదహారేళ్ళు పట్టింది, 2007లో 21 మందికి యావజ్జీవం పడింది, 2014లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. ఓడిపోయారు కదా అంటారేమో. నాకు మాత్రం ఆ రెండు డిమాండ్లూ గొప్పగా అనిపిస్తాయి, ఎందుకంటే దెబ్బ తిన్నవాళ్ళకి ఏం కావాలో వాళ్ళకే సరిగ్గా తెలుసు, కోర్టు దగ్గరగా ఉండాలి, మాట్లాడేవాడు మనవాడై ఉండాలి. రెండూ ఎవరినో చంపమని అడగడం కాదు.

అలాంటి పోరాటాల ఫలితంగానే ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణతో 15ఏ అనే సెక్షన్ వచ్చింది. దాన్ని ఒకసారి చదవండి, చదువుతుంటే నాకు అసూయ కలిగింది. బెయిల్ దగ్గర నుంచి ప్రతి విచారణకీ బాధితులకి ముందుగా నోటీసు ఇవ్వాలి. వాళ్ళ మాట వినాలి. దర్యాప్తు, విచారణ కాలంలో ప్రయాణ ఖర్చులు, పోషణ ఖర్చులు ఇవ్వాలి. రక్షణ ఇవ్వాలి, అవసరమైతే వేరేచోట నివాసం ఏర్పాటు చెయ్యాలి. ఆ చట్టం కింద పరిహారం కూడా తీర్పు దాకా ఆగదు, ఎఫ్‌ఐఆర్ దశలో కొంత, ఛార్జిషీటు దశలో కొంత. అమలు ఎలా ఉందంటారా, అడక్కండి. కానీ కాయితం మీదైనా ఉంది, కోర్టులో చూపించి అడగొచ్చు. నా కోరిక చాలా చిన్నది, ఆ 15ఏని బాధితులందరికీ వర్తించేలా రాయండి. కొత్తగా కమిటీ వెయ్యక్కర్లేదు, బాధితులకి కేసులో భాగం ఉండాలని కేంద్రం వేసిన మళీమఠ్ కమిటీ 2003లోనే చెప్పింది, లఖీంపూర్ ఖేరీ కేసులో 2022లో సుప్రీంకోర్టు కూడా దర్యాప్తు నుంచి అప్పీలు దాకా ప్రతి దశలో బాధితుల మాట వినాల్సిందే అంది. చెప్పాల్సినవాళ్ళందరూ చెప్పేశారు.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కదా, అవి ఏమైనా మార్చాయా అంటే, కొంత మార్చాయి, నిజాయితీగా ఒప్పుకోవాలి. ఏ స్టేషన్‌కి వెళ్ళినా పరిధితో పని లేకుండా కేసు రాయాలి, జీరో ఎఫ్‌ఐఆర్ ఇప్పుడు చట్టంలోనే ఉంది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకే కాదు, బాధితులకి కూడా ఉచితం. 90 రోజుల్లో దర్యాప్తు ఎంతవరకొచ్చిందో ఫోన్లోనో మెసేజ్‌లోనో చెప్పి తీరాలి. సొత్తు కోర్టుకొచ్చాక 14 రోజుల్లో జాబితా, ఫొటోలు, ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చెయ్యాలో ఉత్తర్వు. ప్రభుత్వం కేసు ఉపసంహరించుకోవాలంటే బాధితుల మాట వినాలి. సాక్షుల రక్షణ పథకం ప్రతి రాష్ట్రం తయారు చెయ్యాలి, నిజానికి 2018లోనే మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు ఒక పథకాన్ని ఆమోదించి దేశమంతా అమలు చెయ్యమంది. వాయిదాలు రెండుకి మించి ఇవ్వొద్దని కూడా రాశారు, అది చదివి బాబాయి చాలాసేపు నవ్వాడు. ముద్దాయి వైపు కూడా, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపేస్తే విడుదల చెయ్యాలి, యావజ్జీవం, ఉరి పడే కేసులు మినహా. బెయిల్ వచ్చి వారం దాటినా బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థకి చెప్పాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ బెంచీ మీది తల్లికి ఇది ఐదేళ్ళు ఆలస్యం. ఊరికే అరెస్టు చేయించినందుకు పరిహారం మాత్రం పాత చట్టంలో గరిష్ఠంగా 1,000 రూపాయలు, కొత్త చట్టంలో కూడా అదే వెయ్యి! తప్పుడు కేసుల్లో నలిగినవాళ్ళకి సరైన పరిహార చట్టం కావాలని లా కమిషన్ 2018లో 277వ నివేదిక ఇచ్చింది, అది అక్కడే ఉంది.

నాకు కనిపించే పెద్ద కన్నం ఎక్కడంటే, 90 రోజుల కబురు దర్యాప్తుకే. ఛార్జిషీటు పడ్డాక, అంటే అసలు నిరీక్షణ మొదలయ్యాక, వాయిదా తేదీ సొంతంగా బాధితులకి చెప్పాల్సినవాడు ఎవడూ లేడు. కరెంటు బిల్లుకి మెసేజ్ వస్తుంది, గ్యాస్ బండకి వస్తుంది. కోర్టు కంప్యూటర్‌లో తేదీ ఎక్కించిన క్షణంలో అదే తేదీ పీడబ్ల్యూ1 ఫోన్‌కి వెళ్ళడానికి ఏం కావాలి? ఎఫ్‌ఐఆర్‌లో ఫోన్ నంబరు ఉండనే ఉంది. ఇంకోటి, ప్రతి కోర్టులో ఒక మనిషి. పోక్సో కేసుల్లో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల కేసుల్లో, పిల్లలకి సపోర్ట్ పర్సన్ అని ఉంటారు, కేసు మొదటి నుంచి చివరి దాకా తోడుండి, ఏం జరుగుతోందో చెప్పే మనిషి. పెద్దవాళ్ళకి భయం ఉండదా? బోనెక్కే ముందు మంచినీళ్ళిచ్చి, లోపల ఇలా అడుగుతారు, తెలీకపోతే తెలీదని చెప్పొచ్చు అని ధైర్యం చెప్పే ఒక్క మనిషి. మూడోది, వేరే బెంచీ. అత్యాచార బాధితులు, పిల్లలు ముద్దాయికి ఎదురుపడకుండా సాక్ష్యం చెప్పే గదులు ప్రతి జిల్లాలో పెట్టమని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది, కొన్నిచోట్ల వచ్చాయి. మా బెంచీ మీద కూర్చున్నది మంచావిడ కాబట్టి సరిపోయింది. చాలామందికి ఆ బెంచీ అవతలి చివర కూర్చునేది రాజీకి రమ్మని బెదిరించే మనిషి.

ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 1987 చట్టం అది, ఫోన్ నంబరు 15100. మహిళల హెల్ప్‌లైన్ 181, హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే సఖి కేంద్రాలకి అక్కడి నుంచే పంపిస్తారు. ఇవి గోడ మీద రాసుకోదగ్గ నంబర్లు.

పోయిన నెల మా వీధిలో ఒకావిడ మీద దాడి జరిగింది, వివరాలు రాయను. నన్ను తోడు రమ్మంటే స్టేషన్‌కి వెళ్ళాను. ఎఫ్‌ఐఆర్ రాశారు. కాపీ అడిగితే రైటర్ గారు జిరాక్స్ మిషను పాడయింది, రేపు రండి అన్నారు. కూర్చుంటామండీ అన్నాను. నలభై నిమిషాలకి మిషను బాగయింది. కాపీ ఇచ్చాక, మేడమ్‌కి 90 రోజుల్లో దర్యాప్తు సంగతి చెప్పాలి కదండీ, ఏ నంబరుకి చెబుతారు అని అడిగితే నన్ను ఎగాదిగా చూసి, "మీరు లాయరా?" అన్నాడు. కాదండీ, మా పిన్ని పీడబ్ల్యూ1 అన్నాను. ఆయనకి అర్థం కాలేదు గానీ నంబరు మాత్రం ఫైలు అట్ట మీద పెద్దక్షరాలతో రాసుకున్నాడు. లెక్క ప్రకారం ఇంకా యాభై తొమ్మిది రోజులుంది. క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ గీత గీసి పెట్టాను.